ఎడమ కాలి పట్టీ

ఉదయం ఏడు నలభైకి సూర్యాపేట కొత్త బస్టాండులో దిగాను. చేతిలో నల్ల ట్రంకు పెట్టె, దాని మీద తెల్ల రంగుతో నా నంబరు, పేరు. ఏప్రిల్ నెల, అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. పదిహేడేళ్లు సైన్యంలో ఎక్స్-రేలు, స్కానులు తీసి, హవల్దారుగా రిటైరై అప్పటికి మూడు వారాలైంది. ఊళ్లో మీరు నన్ను మీటింగులకు పిలిచినప్పుడల్లా మంచుకొండల గురించి చెప్పమంటారు. అక్కడ నేను ఒక్క మనిషిని కూడా చంపలేదు. అందుకని ఈ సూర్యాపేట పోస్టింగు గురించి చెబుతాను.

నాకు ఉద్యోగం దొరికింది హైవేకి రెండు వీధుల లోపలున్న స్కానింగ్ సెంటరులో. హాల్లో నాలుగు ఇనుప బెంచీలు, లోపల సీటీ మిషను. మిషను గదిలో ఇరవై డిగ్రీలు, బయట నలభై మూడు. ఓనరు మొదటి రోజే ఆర్డరు ఇచ్చాడు.

"కడుపుతోని ఉన్నోళ్లను గీ గదిలకు రానియ్యొద్దు హవల్దార్. డాక్టర్ రాసిచ్చినా సరే. రేపు పిల్లకేమన్నయితే సెంటర్ ముంగట టెంట్ ఏసి ధర్నా జేస్తరు."

గర్భిణులు ముందుగా తెలపాలని గోడ మీద బోర్డు ఉంది. చదివేవాళ్లు తక్కువ. నేనొక పద్ధతి పెట్టాను. తొమ్మిది గంటలకు హాలు మధ్యలో నిలబడి పరేడ్ గ్రౌండు గొంతుతో అడిగేవాణ్ని. "ఆడోళ్లల్ల ఎవరన్నా కడుపుతోని ఉన్నరా? ఉంటే చెయ్యి లేపండి!" కొత్తవాళ్లు వస్తే మళ్లీ అడిగేవాణ్ని. కొందరు సిగ్గుపడేవాళ్లు, కొందరు కిసుక్కున నవ్వేవాళ్లు. రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి నన్ను "హాజరు అన్నా" అని ఏడిపించేది. ఓనరు మెచ్చుకున్నాడు. నేను మీసం మెలేసుకుని తిరిగాను.

జూలైలో ఒక మంగళవారం, తొమ్మిదీ ఇరవై. కోదాడ నుంచి కారులో ఒక జంట వచ్చింది. మఠంపల్లి వాళ్లు. అతను సిమెంటు బస్తాలు మోసే కూలీ. ఆమెకు ఇరవై రెండేళ్లుంటాయి, సన్నటి మనిషి. కోదాడ డాక్టరమ్మ చీటీలో ఊపిరితిత్తుల రక్తనాళాలకు సీటీ తీయమని, అర్జెంటని ఉంది. కడుపు సంగతి లేదు, తొందరలో రాయడం మరిచినట్టుంది.

నేను అలవాటు ప్రకారం అడిగాను.

ఆమె వెంటనే చెయ్యి ఎత్తింది. క్లాసులో జవాబు తెలిసిన పిల్లలాగా, నిటారుగా. ఆ చేతిలో ఒక వెండి పట్టీ వేలాడుతోంది. జత పట్టీ కుడి కాలికి ఉంది. ఎడమ కాలు పిక్క నుంచి మడమ దాకా వాచింది. ఆ కాలి పట్టీ బిగుసుకుపోతే విప్పి చేత పట్టుకుంది.

"నాలుగో నెల... సార్," అంది. రెండు మాటలకు మధ్యలో రొప్పింది. చెప్పకపోతే నాకు తెలిసేది కాదు.

వేలికి మిషను పెట్టాను. ఆక్సిజన్ ఎనభై తొమ్మిది. నాడి నూట ముప్పై. ఒక కాలికే వాపు, కూర్చున్నా ఆగని ఆయాసం. కాల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు ఎక్కితే ఇలాగే ఉంటుంది. మంచుకొండల్లో ఒక జవానుకు అచ్చం ఇదే చూశాను. అక్కడి డాక్టరు మేజరు "ముందు తియ్, కాగితాలు తర్వాత" అన్నాడు. ఆ జవాను బతికాడు. ఛాతీకి తీసే స్కానులో కడుపు మీద నేరుగా కిరణాలు పడవనీ, బిడ్డకు తగిలేది చాలా తక్కువనీ నాకు తెలుసు. ట్రైనింగులో ఇదే రాసి పాసయ్యాను. తెలిసీ డాక్టరమ్మకు ఫోన్ చేసి, తీయడం కుదరదన్నాను.

"హవల్దార్ గారూ, ఆ అమ్మాయి చచ్చిపోతదండీ. సూది వేసే పంపాను. గడ్డ ఎంతుందో చూస్తేగానీ పెద్ద మందు ఇవ్వలేను. తల్లి పోతే బిడ్డెట్లా బతుకుద్ది? తీయండి, బాధ్యత నాది."

"ఆర్డర్ లేదు మేడం."

తొమ్మిదీ ముప్పై ఒకటికి ఓనరుకు ఫోన్ చేశాను. అతను టిఫిను చేస్తున్నాడు. "మిర్యాలగూడ తోలియ్. గాడ తీస్తరేమో. మనకెందుకు పరేషాన్," అన్నాడు.

భర్తకు చెప్పాను. కడుపులో బిడ్డకు మంచిది కాదు, ఇక్కడ తీయం అన్నాను. అతను రెండు చేతులూ జోడించాడు. "మంచిగ చెప్పినవ్ సార్. మాకు ఎర్కలేకపాయె." నా జీవితంలో ఎన్నో సెల్యూట్లు అందుకున్నాను. ఆ దండం అందుకున్నంత నీచంగా ఏదీ అందుకోలేదు.

ఆమె లేవలేకపోయింది. "జరసేపు పండుకొని పోనా సార్?"

"కారు ఆగి ఉంది. జల్ది పొండి," అన్నాను.

తొమ్మిదీ నలభై నాలుగుకు కారు కదిలింది. పదకొండూ పదికి డాక్టరమ్మ ఫోన్ చేసింది. "మిర్యాలగూడ చేరకముందే పోయింది. ఇద్దరూ పోయారు," అని పెట్టేసింది. అప్పటికి హాల్లోకి కొత్తవాళ్లు నలుగురు వచ్చి ఉన్నారు. లేచి, మధ్యలో నిలబడి, అదే గొంతుతో మళ్లీ అడిగాను. ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది. అయినా ఆ రోజు నేను చేసింది ఇదే.

ఆగస్టులో అదే డాక్టరమ్మ చీటీతో నిడమనూరు నుంచి ఒకామె వచ్చింది. అదే ఆయాసం. నేను అడిగాను. ఆమె తల వంచుకుంది, చెయ్యి లేవలేదు. తీశాను. రక్తనాళంలో తెల్లగా పాకుతున్న మందు మధ్య నల్లటి గడ్డ కనిపించింది. పదీ ఐదుకు ఫొటోలు కోదాడకు పంపాను.

జనవరిలో ఆమె మళ్లీ వచ్చింది. చంకలో నెల బిడ్డ, చేతిలో స్వీటు డబ్బా.

"ఇగో సార్, మీరు తీసిన ఫొటోలతోనే బతికిన."

వేళ్ల మీద నెలలు వెనక్కి లెక్కపెట్టాను. "అప్పుడు కడుపుతోని ఉంటివా?"

"ఉంటి సార్. ఐదో నెల."

"మరి నేను అడిగితిని గదా?"

ఆమె నవ్వింది. "డాక్టరమ్మ ముందుగాల్నే చెప్పింది. మొన్న ఒకామె నిజం చెప్పి సచ్చిపోయిందట. గాడ ఒక సారు గట్టిగ అరుస్తడు, ఏమన్నా గానీ చెయ్యి లేపకు అన్నది."

బిడ్డ బొద్దుగా ఉన్నాడు. నా చూపుడు వేలు పట్టుకుని వదల్లేదు. నేను స్వీటు తిన్నాను. మర్నాడు ట్రంకు సర్దుకుని, తుంగతుర్తి బస్సెక్కి ఇంటికొచ్చేశాను.  

ఆ నెల ఇరవై ఆరున మా ఊరి బడిలో జెండా ఎగరేయమని నన్నే పిలిచారు. పాత యూనిఫారం ఇస్త్రీ చేసుకుని వెళ్లాను. హెడ్మాస్టరు గారు మైకు పట్టుకుని, "మిలిటరీల చేరేటోళ్లు ఎవరు? చెయ్యి లేపండి," అన్నారు. పిల్లలందరూ ఎత్తారు. ఆ చేతుల మధ్య నాకు ఒకటే కనిపించింది. వేళ్లకు చిక్కుకున్న వెండి పట్టీ, ఆయాసానికి అదురుతున్న దాని మువ్వలు.

"మీరు చెప్తేనే దించుతరు సార్," అని హెడ్మాస్టరు నవ్వుతూ మైకు నా ముందు పెట్టారు. నేను ఆ చేతులనే చూస్తూ నిలబడ్డాను. పిల్లలు చాలాసేపు అలాగే ఎత్తి ఉంచారు.