ముప్ఫై ఆరు గదులూ ఖాళీయే

సూరత్ దగ్గరి డుమస్ ఒడ్డున ఇసుక నల్లగా ఉంటుంది. సముద్రమూ బురద రంగే. ఆటు సమయంలో అది ఎంత దూరం వెనక్కి పోతుందంటే, చూడ్డానికి వచ్చినవాళ్ళు అది కనబడక, టమాటా భజియాలు తిని ఇంటికి వెళ్ళిపోతారు. అలాంటి ఒడ్డున ఒకప్పుడు ఆదివారం సాయంత్రాలు పియానో వినబడేదంటే ఇప్పటివాళ్ళు నమ్మరు.

నేను పత్రిక ఉద్యోగం మీద సూరత్ వచ్చేసరికి అక్కడి పెద్ద హోటళ్ళు ఆఖరి రోజుల్లో ఉన్నాయి. అయినా దర్జా తగ్గలేదు. బొంబాయి నుంచి వచ్చిన కుటుంబాలు పూటకో జత బట్టలు మార్చుకుని, వరండాలో పేము కుర్చీల్లో కూర్చుని, అక్కడ లేని సముద్రాన్ని చూసేవి. నీళ్ళు మరీ దూరం పోయిన రోజున నౌకర్లు వచ్చి కుర్చీలన్నీ రోడ్డు వైపు తిప్పేవారు. అప్పుడు రోడ్డునే సముద్రం చూసినట్టు చూసేవారు. ఎవరూ నవ్వేవారు కాదు. నేనూ నవ్వలేదు, ఎందుకంటే వార్త రాయడానికి వెళ్ళినవాడికి ఒక చేప కూరా, టీ ఉచితంగా పెట్టేవారు.

వాటిలో అన్నిటికన్నా పెద్దదానికి ఒక నియమం ఉండేది. చెప్పులతో భోజనాల హాల్లోకి రాకూడదు, బూట్లే ఉండాలి. ఇది సూరత్. కోట్ల వ్యాపారం చేసేవాడు కూడా రబ్బరు చెప్పులతో తిరిగే ఊరు. అందుకని ద్వారం దగ్గర ఒక చెక్కపెట్టెలో అన్ని కొలతల బూట్లూ ఉంచేవారు. చెప్పులు విడిచి, పెట్టెలో బూట్లు తొడుక్కుని, తిని, మళ్ళీ చెప్పులు వేసుకుని వెళ్ళాలి. ఆ పెట్టెకి అధికారి ద్వారపాలకుడు.

ఆ ద్వారపాలకుడు జగిత్యాల దిక్కు నుంచి మగ్గాల పనికి వచ్చిన మనిషి. కుర్రతనంలో ఒకసారి కర్టెన్ల గుడ్డ తాను భుజాన వేసుకుని హోటల్‌కి తెచ్చాడట. అతని ఎత్తూ మీసమూ చూసిన మేనేజరు గుడ్డతో పాటు మనిషిని కూడా ఉంచేసుకున్నాడు. ఎర్ర కోటు, ఇత్తడి గుండీలు తొడిగించాడు. నేను తెలుగువాణ్ణని తెలిసిన రోజున ఆయన తలుపు తీసి, వంగి సలాము కొట్టి, తెలుగులో మెల్లగా అన్నాడు: "చేప ఇయ్యాలది కాదు సారు, పప్పు తినుండ్రి."

తర్వాత హోటల్ పోయింది. ఒక్కసారిగా కాదు. వారసులు కోర్టుకెక్కారు, ఉప్పుగాలి గోడలు తింది. ముందు టేకు తలుపులు అమ్మారు, తర్వాత దూలాలు, తర్వాత ఇటుకలు. చివరికి రోడ్డు వైపున్న పోర్టికో మిగిలింది. నాలుగు స్తంభాలు, మెట్లు, పెద్ద తలుపు. ఆ తలుపు అమ్మడానికి అన్నదమ్ములకి ధర కుదరలేదు. తలుపు తెరిస్తే వెనక పునాది, దాని మీద రంగురంగుల పలకల నేల, ఆపైన ఆకాశం. ఒక పక్కన ఒకప్పుడు నౌకర్లుండే వరస మాత్రం కూలలేదు. అందులో ఒక గది, రెండు మరుగుదొడ్లు, ఒక కుళాయి. ద్వారపాలకుడు ఆ గదిలో ఉండేవాడు. రోజూ పొద్దున్నే కోటు వేసుకుని తలుపు దగ్గర నిలబడేవాడు. నేను డుమస్ రోడ్డులోనే ఒక ఫ్లాటులో స్థిరపడ్డాను కాబట్టి, నడక పేరుతో అటు వెళ్ళేవాణ్ణి. నా కోసం తలుపు తీసేవాడు. ఇద్దరం అవతల ఆరుబయట కూర్చుని టీ తాగేవాళ్ళం.

కరోనా వచ్చిన ఏడాది, మొదటి లాక్‌డౌన్ సడలించాక, ఆయన నాకు ఒక సంగతి చెప్పాడు. ముంబైలో ఉండే యజమాని కొడుకు ఫోన్ చేశాడట. దీపావళికల్లా స్థలం అప్పగించాలి, పోర్టికో కూల్చేస్తున్నాం, నువ్వు ఎక్కడికైనా వెళ్ళిపో అన్నాడట.

"ఏడికి పోతవ్?" అని అడిగాను, ఆయనతో కూర్చుని నాకూ ఆ యాస పట్టుబడింది.

"సూరత్‌లనే, గోడాదరాల మా తమ్ముని కొడుకు ఉన్నడు. ఒక్క రూముల ఆరుగురు. నేను పోతే ఏడుగురు. అండ్ల నేను నిలబడాల్నంటే కూడా జాగ లేదు సారు. నిలబడుడు తప్ప నాకేం పని రాదు గదా," అన్నాడు.

వానలు వెనకపట్టాయి. ఊళ్ళకి వెళ్ళిపోయిన మగ్గం పనివాళ్ళు తిరిగి వస్తున్నారు. వచ్చినవాళ్ళని రెండు వారాలు విడిగా ఉంచాలి. ఉంచినట్టు కాగితం ఉంటేనే సేఠ్ మగ్గం ఇస్తాడు. మునిసిపాలిటీ గుమాస్తాలు ఖాళీ భవనాల కోసం ఊరంతా గాలిస్తున్నారు. ఒక గుమాస్తా మోటారు సైకిల్ మీద డుమస్ కూడా వచ్చాడు. ఆ రోజుల్లో ఆరడుగుల దూరం నియమం భయం వల్ల అరవై అడుగులైంది. అతను బండి దిగలేదు, ఇంజను ఆపలేదు, మాస్కు మీద రుమాలు కట్టుకుని రోడ్డు మీద నుంచే కేకేశాడు. ఆ సమయానికి నేను మెట్ల మీదే ఉన్నాను.

"కాకా, కిత్నే కమ్రే?"

"ఛత్తీస్," అన్నాడు ద్వారపాలకుడు ఒక్క క్షణం ఆలోచించకుండా.

"ఖాలీ హై?"

"సబ్ ఖాలీ."

గుమాస్తా రాసుకుని వెళ్ళిపోయాడు. నేను ఆయన వైపు తిరిగాను. "ఇదేంటి పెద్దాయనా, ముప్ఫై ఆరు గదులెక్కడున్నాయి?"

"ఎన్ని రూములని అడిగిండు, చెప్పిన. నలభై ఏండ్ల సంది గదే చెప్తున్న. కూలినయని నాకు ఎవలన్న ఆర్డర్ ఇచ్చిండ్రా?"

మూడో రోజు మధ్యాహ్నం ఒక బస్సు వచ్చి పదకొండు మందిని దింపి, వెనక్కి చూడకుండా పోయింది. అందరూ కరీంనగర్, జగిత్యాల వైపు వాళ్ళే. సంచులు పట్టుకుని స్తంభాల వంక నోళ్ళు తెరిచి చూస్తున్నారు. ద్వారపాలకుడు గుండీలన్నీ పెట్టుకుని, సలాము కొట్టి, తలుపు తీశాడు. ముందున్న బక్కపల్చటి కుర్రవాడు లోపలికి వెళ్ళి, ఆకాశం చూసి, వెనక్కి వచ్చాడు.

"కాకా, హోటలేది?"

"లోపలికి పో, కనిపిస్తది."

"లోపలికే పోయొచ్చిన."

"అయితే హోటల్ల ఉన్నట్టే."

గుంపులో పెద్ద వయసు మనిషి ఒకడు సంచీ కింద పడేశాడు. "ఏంది కాకా గిది? మజాకా? గోడల్లేవు, కప్పు లేదు. ఈడ ఎట్ల పండాలె?"

"మీరు పోతమంటే పోండ్రి. అమ్రోలిల బడి ఉన్నది. ఒక్క హాల్ల యాభై మంది దగ్గుతున్నరట. ఈడ ఒక్కొక్కనికి ఒక రూము. కావాల్నా, వద్దా?"

వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కాగితం కావాలి. కాగితం లేకపోతే మగ్గం ఇంకొకడికి పోతుంది. ఉండిపోయారు.

ఆయనకి ఆ సాయంత్రం ఉన్నంత పని నలభై ఏళ్ళలో ఎప్పుడూ లేదనుకుంటాను. నేల పలకల రంగు గది గదికీ మారుతుంది కాబట్టి గోడలు ఎక్కడుండేవో తెలుస్తూనే ఉంది. సుద్దముక్కతో ప్రతి గదికీ నంబరు వేశాడు, తలుపు ఉన్నచోట రెండు గీతలు గీశాడు. వెదురు కర్రలు పాతి దోమతెరలు కట్టించాడు. ఆ బక్క కుర్రవాడు సముద్రం వైపు గది కావాలన్నాడు.

"సముద్రం వైపు రూములు పెద్దోళ్ళకు. నీది తోట వైపు."

"అటు కూసున్నా సముద్రం కనబడుతనే ఉన్నది గదా కాకా, నడుమ ఏం లేదు!"

"కనబడితే కనబడనీ. నువ్వు చూడకు."

మొదటి రెండు రోజులూ వాళ్ళు నవ్వుతూ ఆడారు. తర్వాత అది ఆట కాకుండా పోయింది. నేను రోజూ వెళ్ళేవాణ్ణి, పోర్టికోలో దూరంగా కూర్చుని చూసేవాణ్ణి. ఎవరూ గీత దాటి నడవడం లేదు. కుళాయికి పోవాలంటే పక్క గదిలోంచి నాలుగడుగులే, కానీ నడవా అంతా చుట్టి వెళ్తున్నారు. ఒకనాడు పెద్ద వయసు మనిషి కోపంగా ఫిర్యాదు తెచ్చాడు.

"కాకా, తొమ్మిది నంబరోనికి చెప్పు. నా రూములకు తొంగి చూస్తుండు."

"నేనేడ చూసిన?" అని తొమ్మిదో గది అరిచింది. "సముద్రం చూస్తున్న. నీ తలకాయ నడుమల అడ్డమొచ్చింది."

"గోడలకెల్లి ఎట్ల చూస్తవ్‌రా?"

ద్వారపాలకుడు ఇద్దరి మధ్యా ఒక దుప్పటి కట్టించి, దాన్ని మరమ్మతు అన్నాడు.

భోజనం మునిసిపాలిటీ వ్యాన్‌లో కిచిడీ రూపంలో వచ్చేది. అది పలచగా ఉండేది. పైన తేలిన నీళ్ళు ఆయన వేరుగా వంచి, ముందు దాన్ని సూప్ అని ఇచ్చేవాడు. కింద మిగిలింది తర్వాత. గంట కొట్టాకే రావాలి, బూట్లు తొడుక్కునే రావాలి. చెక్కపెట్టె దుమ్ము దులిపి తెరిచాడు. లుంగీల కింద ఎప్పటివో నల్ల బూట్లు వేసుకుని, పదకొండు మంది ఎడంగా కూర్చుని సూప్ తాగుతుంటే, అటుగా వెళ్ళే కానిస్టేబుల్ కూడా లాఠీ చంకలో పెట్టుకుని కాసేపు నిలబడేవాడు.

ఇంతలో తనిఖీకి అధికారి వస్తున్నాడని కబురొచ్చింది. ద్వారపాలకుడు పెట్టుకున్న కోటు గుండీలన్నీ విప్పి, మళ్ళీ పెట్టుకున్నాడు. రోగం రోజుల్లో తప్పుడు సమాచారం ఇస్తే కేసు. హోటల్ లేదని తేలితే ఈ పదకొండు మందినీ బడికి తోలుతారు, ఆయన్ని ఠాణాకి. దీపావళి దాకా ఉన్న గడువు కూడా పోతుంది.

"నిజం చెప్పేద్దామా?" అన్నాను.

"నిజమే చెప్పిన గదా సారు. రూములు ఉన్నయన్న. ఉన్నయ్."

అధికారి నెత్తి నుంచి కాళ్ళ దాకా తెల్లటి సూట్‌లో వచ్చాడు. కళ్ళద్దాలకి లోపల ఆవిరి పట్టింది. వెంట మోటారు సైకిల్ గుమాస్తా. తలుపు తెరవగానే గుమాస్తా ఆకాశం చూసి తెల్లబోయాడు. ముప్ఫై ఆరని రాసింది అతనే. ద్వారపాలకుడు మాత్రం అధికారి కాళ్ళ వైపు చూస్తున్నాడు. బూట్ల మీద నీలం ప్లాస్టిక్ తొడుగులు. లోపల బూట్లున్నాయా, చెప్పులున్నాయా అన్నది ఆయన సందేహం. చివరికి సలాము కొట్టి పక్కకి జరిగాడు.

అధికారి చేతిలో కాగితం పెట్టుకుని అడగడం మొదలుపెట్టాడు. అంతా హిందీలోనే.

"గాలీ వెలుతురూ?"

"బాగా వస్తాయి సార్," అన్నాడు గుమాస్తా గబగబా.

"మనిషికీ మనిషికీ దూరం?"

"ఒక్కొక్కరికి ఒక గది సార్."

"ఏసీ ద్వారా గాలి ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్తోందా?"

గుమాస్తా ఒక క్షణం ఆలోచించి, "ఏసీ లేదు సార్," అన్నాడు.

అధికారి తల ఊపి నడవాలో ముందుకు నడిచాడు. పన్నెండో నంబరు దగ్గర ఆగాడు. సుద్దగీత దగ్గర నిలబడి, దోమతెర వైపు చూసి, "లోపలికి రావచ్చా?" అన్నాడు.

లోపలున్నది ఆ బక్క కుర్రవాడు. "జర ఆగుండ్రి సార్, లుంగీ మారుస్తున్న," అని తెలుగులో అరిచాడు.

ద్వారపాలకుడు దాన్ని హిందీలో చెప్పాడు. అధికారి వెంటనే మొహం పక్కకి తిప్పుకున్నాడు. కుర్రవాడు ఆరుబయట, పట్టపగలు, మూడడుగుల దూరంలో లుంగీ మార్చుకుంటుంటే, ఆయన మర్యాదగా అరేబియా సముద్రాన్ని చూస్తూ నిలబడ్డాడు. ఆయనకి ఏం కనబడిందో, ఏం కనబడలేదో నాకు ఈనాటికీ తెలియదు. కళ్ళద్దాల ఆవిరే కారణమో, ఆ రోజు ఆయన అప్పటికే చూసి వచ్చిన చోట్లు కారణమో. వెళ్ళేముందు తలుపు దగ్గర ఆగి, "జిల్లాలో ఇంత గాలి ఆడే చోటు ఇంకొకటి లేదు," అన్నాడు. తదుపరి ఉత్తర్వుల దాకా ఈ హోటల్‌ని ప్రభుత్వం వాడుకుంటుందని సంతకం పెట్టాడు.

రెండు వారాలు ముగిశాయి. పదకొండు మందీ కాగితాలు పట్టుకుని మగ్గాలకి వెళ్ళారు, ఇంకో బస్సు వచ్చింది. దీపావళికి ముందు యజమాని కొడుకు కారులో దిగాడు. లోపలికి అడుగు వేయబోతుంటే ద్వారపాలకుడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"టెస్ట్ రిపోర్ట్, సాబ్?"

"ఇది మా హోటల్!"

"అవును సాబ్, మీదే. అందుకే అడుగుతున్న." ఉత్తర్వు చూపించాడు. కొడుకు దాన్ని రెండుసార్లు చదివాడు. లేని హోటల్‌ని ప్రభుత్వం తీసుకుందని ఏ వకీలుకి చెప్పాలో తెలియక, మెట్ల మీద కూర్చున్నాడు.

"ఎప్పటిదాకా?"

"రోగం పోయేదాకా."

ఆ విధంగా ఆయన నిలవడం రోగం నిలవడం మీద ఆధారపడింది. రోజూ సాయంత్రం నన్ను, "సారు, ఇయ్యాల ఎన్ని కేసులు?" అని అడిగేవాడు. పత్రికలో ఏళ్ళ తరబడి అంకెలు రాసి బతికినవాణ్ణి, ఆ అంకె చెప్పడానికి మాత్రం ఇబ్బంది పడేవాణ్ణి. మరుసటి ఏడు వేసవిలో అంకెలు పెరిగాయి. నౌకర్ల వరస దాకా దోమతెరలు కట్టారు. ఆ బక్క కుర్రవాడి సేఠ్ పోయాడని, మగ్గాలు మళ్ళీ ఆగిపోయాయని కబురొచ్చింది. ఆ రోజు నుంచి ఆయన నన్ను అంకె అడగడం మానేశాడు.

అంకెలు తగ్గుముఖం పట్టినప్పుడు నేనే చెప్పాను.

"తగ్గనీ సారు," అన్నాడు. "పిల్లగాండ్లకు పని దొరుకుతది." తర్వాత గోడాదరాలో తమ్ముడి కొడుక్కి ఫోన్ చేశాడు. "నేను వస్తున్న రా. ఒక మూల ఖాళీ చేయి," అని మాత్రం అన్నాడు.

ఆఖరి జట్టు వెళ్ళిన మర్నాడు నేను అక్కడే ఉన్నాను. ఉత్తర్వు రద్దయినట్టు కాగితం ఇంకా రాలేదు, కావాలంటే ఇంకో నెల గడపొచ్చు. అహ్మదాబాద్ నంబరు కారొకటి స్తంభాలు చూసి ఆగింది. లోపల భార్యాభర్తలు, వెనక సీట్లో నిద్రపోతున్న పాప. ఆయన కోటు గుండీలు సర్దుకుని మెట్లు దిగాడు.

"రూమ్ మిలేగా?" అని అడిగాడు భర్త.

ఆయన ఒకసారి తలుపు వైపు చూశాడు, ఒకసారి పాప వైపు చూశాడు.

"నహీ సాబ్," అన్నాడు. "హోటల్ గిర్ గయా." హోటల్ కూలిపోయిందని ఆయన నోట వినడం నాకు అదే మొదటిసారి.

భజియాల దుకాణం ఎటో దారి చూపించి, కారు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి, కోటు విప్పడానికి లోపలికి వెళ్ళాడు.