బండి పైకప్పు మీద బాబాయి

మా బాబాయికి టేపు పెట్టి కొలవందే దేనిమీదా నమ్మకం కుదరదు. ముప్పై ఏళ్లు లిఫ్టులు బాగుచేసి రిటైరయ్యాడు గానీ, ఆయన జేబులో టేపు రిటైరవలేదు. చెప్పులు కొంటే రెండూ ఒకే పొడవున్నాయో లేదో చూస్తాడు. మా ఆవిడను మొదటిసారి చూసి, కుశలం అడిగాక, ఐదడుగుల మూడున్నర అంగుళాలుంటావామ్మా అన్నాడు. నాలుగు అంది ఆవిడ. ఆ అరంగుళం వాళ్ల మధ్య ఇప్పటికీ తేలలేదు.

అలాంటి మనిషి పాత మోటార్‌హోమ్ ఒకటి కొన్నాడు. లోపల పడకలు, పొయ్యి, చిన్న బల్ల, అన్నీ ఉన్న ఇల్లులాంటి బండి. దాని కప్పు మీద సోలార్ పలకలు బిగించాలి, నిచ్చెన పట్టుకోవడానికి రమ్మన్నాడు. ఒక్క ఆదివారం పని అనుకుని వెళ్లాను.

మొదటి ఆదివారం కప్పు కొలిచాం. ఎండకు రేకు సాగి ఉంటుందన్న అనుమానంతో రెండో ఆదివారం పొద్దున్నే మళ్లీ కొలిచాం. మూడో ఆదివారం, కప్పు మీద గాలి కోసం పెట్టిన మూత నీడ గంటగంటకూ ఎక్కడ పడుతుందో సుద్దతో గీశాం. పలక మీద కాస్త నీడ పడినా కరెంటు బాగా తగ్గిపోతుందట. నాలుగో ఆదివారానికి వాన కురిసి గీతలన్నీ కొట్టుకుపోయాయి. మళ్లీ గీశాం.

రెండు పలకలు చాలని అమ్మినవాడే చెప్పాడు. బాబాయి నాలుగు తెచ్చాడు. ఎందుకని పిన్ని అడిగితే, ఏసీ వేసుకుని కునుకు తీస్తానన్నాడు. ఈ వయసులో సుఖాలు మరిగారని ఆవిడ విసుక్కుంది. నేనూ తలూపాను.

ఐదో ఆదివారం డ్రిల్లు చేతిలోకి తీసుకుని, చిల్లి పెట్టకుండానే కిందికి దిగి వచ్చాడు. మళ్లీ టేపు తీశాడు. నాకు ఓపిక చచ్చింది.

"ఏసీ ఓ పూట ఆగితే కొంపలు మునుగుతాయా బాబాయ్?"

"ఏసీకి కాదురా. అక్క మిషనుకి."

అక్కంటే మా పెద్దత్తయ్య. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఆవిడకి. మొహానికి తొడిగి గాలి అందించే మిషను లేనిదే కునుకు కూడా తీయకూడదు. దారిలో కరెంటు లేకపోతే ఎలాగన్న భయంతో ఆరేళ్లుగా ఇల్లు కదల్లేదు. ఒక్కసారి సముద్రం చూడాలనుందని ఎప్పుడో అందట. అప్పట్నుంచీ ఈయన ఆవిడను చూసి రావడానికని వెళ్లి, మిషను ఎంత కరెంటు తాగుతుందో మీటరు పెట్టి రాసుకుంటున్నాడట.

"మూడు రోజులు మబ్బు పట్టినా అది ఆగకూడదు. అక్కకింకా చెప్పలేదురా. ఆశపెట్టాక కుదరకపోతే?"

నేనే టేపు అందుకుని, ఇంకోసారి చూద్దాం పద అన్నాను. సాయంత్రానికి నాలుగు పలకలూ బిగించాం.

మరుసటి నెల అందరం సముద్రానికి వెళ్లాం. సరిగ్గా రెండు రోజులు మబ్బు. బాబాయి తిండి కూడా బ్యాటరీ ముందే కూర్చుని తిన్నాడు. మిషను ఆగలేదు. మూడోనాడు ఎండ కాసింది. అత్తయ్య మోకాళ్లలోతు నీళ్లలో చిన్నపిల్లలా గంటసేపు నిలబడి, అలసిపోయి వచ్చి, తలుపు తెరిచే ఉంచమని చెప్పి, మిషను తొడుక్కుని బండిలో పడుకుంది.

బాబాయి గుమ్మం ముందు కుర్చీ వేసుకున్నాడు. అటు వచ్చిన ప్రతివాణ్ణీ పెదవుల మీద వేలు పెట్టి ఆపాడు. ఐస్‌క్రీం అమ్మేవాడు గంట చేత్తో బిగించి పట్టుకుని దాటిపోయాడు. అలలు మాత్రం ఆయన మాట వినలేదు. వాటివైపు రెండుసార్లు చిరాగ్గా చూశాడు.