ఆ జీపు మా పోలయ్యన్నది

నిన్న పొద్దున టీ గ్లాసు చేతిలో ఉండగానే ఫోన్ వచ్చింది. మా పెద్దన్న పోలయ్య పోయాడట.

గ్లాసు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. నెల్లూరు నుంచి మా పల్లె చేరేదాకా ఆటోలో ఏడుస్తూనే ఉన్నాను.

సాయంత్రం నుంచి ఏడుపు ఆగిపోయింది. ఒళ్ళు మండిపోతోంది. అందుకే ఈ పోస్ట్.

అన్నకి ఒక్కటే కోరిక. చివరిసారి తన జీపులో పోవాలని. కనపడిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు.

ఆ జీపు ఇప్పుడు మా పాత ప్రెసిడెంట్ మనవడి రిసార్ట్ గేటు దగ్గర షెడ్డులో ఉంది. నా పెద్దకొడుకు వెళ్ళి, ఒక్క గంట ఇవ్వమని అడిగాడు.

"అది షో పీస్ అండీ. శవాలకి ఇవ్వం" అన్నాడట ఆ మనవడు.

శవాలకి!

సరే బాబూ. అది ఎవరి జీపో ఇప్పుడు అందరికీ చెప్తాను, విను.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మిలిటరీ వాళ్ళు వదిలేసిపోయిన జీపు అది. తోటపల్లి గూడూరు వైపు ఒక సరుగుడు తోటలో, ఇసుకలో సగం కూరుకుపోయి పడి ఉండేది. టైర్లు లేవు. ఇంజన్ మీద కోళ్ళు గుడ్లు పెట్టేవి.

పంతొమ్మిది వందల యాభైల చివర్లో అన్న ఎండు చేపలు అమ్ముతూ అటు వెళ్ళి దాన్ని చూశాడు. అంతే, మనిషికి పిచ్చి పట్టింది. తోట ఆసామి నవ్వి, "ఏడాది పొడుగునా మా ఇంటికి ఎండు చేపలెయ్యి, తోలుకుపో" అన్నాడు.

ఎడ్లు కట్టి ఇంటికి లాక్కొచ్చాడు. మా అమ్మ వాకిట్లో నిలబడి, "పొయ్యిలో పిల్లి లేవకుండా ఉండాది, నీకు మిలిటరీ బండి గావాల్నా రా?" అని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది.

అన్న చేపల వేట లేని రోజుల్లో దాని కిందే పడుకునేవాడు.

డబ్బులెక్కడివి? మాకున్నవి పడవ సామాన్లు. వాటితోనే కానిచ్చాడు. వెనక అడుగు తుప్పు పట్టి ఊడిపోతే, మా నాన్నది పాత పడవ ఉంటే దాని చెక్కలు కోసి బిగించాడు. చిరిగిన తెరచాప గుడ్డతో సీట్లు కుట్టాడు. రేడియేటర్ చిల్లులకి పడవకి పెట్టే గుగ్గిలం పెడితే, ఇంజన్ వేడికి అది కరిగిపోయి మరుగునీళ్ళు మొహాన చిమ్మాయి. మళ్ళీ నెల్లూరు పాత ఇనుము కొట్ల చుట్టూ తిరిగాడు.

ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా సొరచేప నూనె పూసేవాడు, పడవకి పూసినట్టే. ఆ కంపుకి వీధిలో పిల్లులన్నీ జీపులోనే కాపురం పెట్టాయి.

చివరికి ఒకరోజు స్టార్ట్ అయింది. పల్లె పల్లెంతా కేకలు!

అప్పుడు చేశారు మా పెద్దలు ఘనకార్యం. కొత్త పడవకి పసుపు కుంకుమ పెట్టి, ముందుగా మూతి సముద్రంలో తడపడం మా ఆచారం. "గంగమ్మకి చూపించకుండా బండెట్టా తిప్పుతావురా?" అని మా చిన్నాన్న పట్టుబట్టాడు. అన్న వద్దు వద్దంటూనే ఉన్నాడు. అందరూ కలిసి జీపుని అలల్లోకి నెట్టేశారు.

ఒక పెద్ద అల వచ్చింది. సీట్ల దాకా ఉప్పునీళ్ళు. ఇంజన్ మూగబోయింది.

అన్న ఇసుకలో కూలబడ్డాడు. తర్వాత లేచి చిన్నాన్నని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. మర్నాడు మళ్ళీ మొదటి బోల్టు నుంచి విప్పడం మొదలుపెట్టాడు.

అలా రెండుసార్లు ప్రాణం పోశాడు దానికి.

అరవైల్లో నా మొదటి కాన్పు. వానలకి బండిబాట తెగిపోయింది. మంత్రసాని చేతులెత్తేసింది. అన్న నన్ను జీపులో పడుకోబెట్టి ఇసుక దిబ్బల మీదుగా నెల్లూరు ఆస్పత్రికి తోలాడు. సొర నూనె కంపుకి దారంతా వాంతులే.

"ఓర్చుకో చెల్లే. ఇది ఆగదు, నేను ఆగనీను" అంటూనే ఉన్నాడు.

ఆగలేదు. నేనూ బతికాను, బిడ్డా బతికాడు.

నాలాంటి వాళ్ళు పల్లెలో ఎంతమందో! పాము కరిచినా, పురుడొచ్చినా, పోలయ్య జీపే.

తర్వాత ప్రెసిడెంట్ గారు ఎలక్షన్ పనికని రెండు రోజులకి అడిగి తీసుకున్నాడు. మళ్ళీ ఇస్తే ఒట్టు. అన్న వెళ్ళి అడిగితే, "ఊరికి తిరిగే బండి ఊరి పెద్ద కాడ ఉంటే తప్పేందిరా?" అన్నాడు. ఆ జీపెక్కి బతికిన వాళ్ళలో ఒక్కరూ నోరు మెదపలేదు. వాళ్ళ పిల్లలు ఈ పోస్ట్ చదువుతుంటారు. చదవండి, సిగ్గుపడండి.

ఇప్పుడు దాని ముందు బోర్డు. "మా తాతగారు బాగుచేయించిన యుద్ధకాలపు జీపు" అట.

రాత్రి ఆ మనవడు స్టేటస్ కూడా పెట్టాడు. జీపు ఫొటో, పక్కన మా అన్న ఫొటో, "మా ఊరి మెకానిక్‌కి నివాళి" అని. నివాళికి పనికొచ్చాడు, జీపెక్కడానికి పనికిరాలేదా?

నిన్న అన్నని చేపల వ్యాన్‌లో కాటికి తీసుకెళ్ళాం. తోలింది నా పెద్దకొడుకు. శవాలకి ఇవ్వం అనిపించుకుని వచ్చిన వాడే, ఆనాడు ఆ జీపు బతికించిన బిడ్డ.

రిసార్ట్‌కి సెల్ఫీలకి వెళ్ళేవాళ్ళకి ఒక మాట. బోర్డు చదవొద్దు. వంగి వెనక సీటు కింద చూడండి. ఆ చెక్కలు మా నాన్న పడవవి.

అన్నా, నీ పెద్దకర్మ రోజు నీ ఫొటో ఆ జీపులోనే ఊరు తిరుగుతుంది. గేటు దగ్గర నన్ను ఆపేవాడెవడో చూస్తాను.

గంగమ్మ తల్లి నిన్ను చల్లగా చూసుకోవాలి. నువ్వు హాయిగా నిద్రపో.

జీపు సంగతి నేను చూసుకుంటాను.