రెండు లారీలకు ఒకే తూకం

కైకలూరు నుంచి ఏలూరు వెళ్లే రోడ్డు పక్కన బాపిరాజుగారి లారీ కాటా ఉండేది. అందులో కెజియా ఆరేళ్లు పనిచేసింది. డిగ్రీ రెండో ఏడులో ఆపేసి, కంప్యూటర్ కోర్సు చేసి, పెళ్లయ్యాక అక్కడ చేరింది. చేపల లారీ ఇనుప ప్లాట్‌ఫారం ఎక్కగానే గదిలో కంప్యూటర్ తెర మీద తూకం కనబడేది. ఆమె బండి నంబరు కొట్టి, చీటీ తీసి కిటికీలోంచి ఇచ్చేది. గోడకున్న ఎర్రంకెల పెట్టెలో కూడా తూకం కనబడాలి గాని, అందులో అంకెలు సగం వెలగవు. ఎనిమిదో ఆరో తెలియదు. అందుకని అందరూ తెరనే నమ్మేవారు.

2008 ఆగస్టులో ఒక మధ్యాహ్నం కలిదిండి రైతు తాతాజీ రెండు చీటీలతో కిటికీ దగ్గరికి వచ్చాడు. ఒకటి తన లారీది. ఇంకోటి దానికి ముందు తూగిన బాపిరాజుగారి సొంత లారీది. టీకొట్టు దగ్గర ఆ డ్రైవర్ని అడిగి తెచ్చుకున్నాడు. రెండింటి మీదా పన్నెండు వేల నాలుగు వందల ఎనభై కిలోలే.

"ఏమ్మా, రెండు బండ్లూ కవల పిల్లలా? నా బండిలో ట్రేలు ఎక్కువున్నాయి."

"తెర మీద ఎంతుంటే అంతే కొట్టానండి."

"తెర మీద ఎంతుండాలో ఎవరు చెప్పారని అడుగుతున్నాను."

లారీని మళ్లీ ఎక్కించారు. ఈసారి పదమూడు వేల నూట పది వచ్చింది. తాతాజీ మూడు చీటీలూ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. గట్టిగా అరిచినా కెజియాకి అంత భయం వేసేది కాదు.

కబురు బాపిరాజుగారికి చేరింది. ఆయన అనుమానం ఇంకోవైపు తిరిగింది. ఊళ్లో రెండో కాటా వాళ్లు తన పేరు చెడగొట్టడానికి ఈ అమ్మాయిని పట్టుకున్నారేమో అనుకున్నారు.

"ఈ మధ్య నిన్నెవరైనా కలిశారా అమ్మా?" అని మెల్లగా అడిగారు.

"నన్నెవరు కలుస్తారండి రాజుగారూ?"

మర్నాటి నుంచి ఆయన ఇంటి నుంచి కుర్చీ తెప్పించుకుని ఆమె వెనకాల కూర్చున్నారు. చేతిలో పేపరు ఉండేది. ఆమె మీట నొక్కినప్పుడల్లా పేపరు చప్పుడు ఆగిపోయేది. మంచినీళ్లకు లేచినా ఆ చూపు తన వీపు మీదే ఉన్నట్టు అనిపించేది.

కెజియాకీ అనుమానాలు మొదలయ్యాయి. ముందు డ్రైవర్లను అనుమానించింది. ఒక చక్రం బయట ఉంచి ఆపుతున్నారేమోనని కిటికీలోంచి తొంగి చూసేది. తర్వాత సుకుమార్ గుర్తొచ్చాడు. ఏలూరులో కంప్యూటర్లు బాగుచేసే మనిషి. కాటా కంప్యూటర్లో విండోస్ బదులు లినక్స్ ఎక్కించింది అతనే. పది రోజుల కిందట వచ్చి, పాతదైపోయింది అప్‌డేట్ చేస్తానని రెండు గంటలు కూర్చున్నాడు. ఆమెను టీ తాగి రమ్మన్నాడు కూడా. ఎందుకు రమ్మన్నాడు? ఆమె ఫోన్ చేసింది.

"సుకుమార్ గారూ, ఆవేళ ఏం మార్చారండి?"

"మామూలు అప్‌డేటేనండి. దానికీ తూకానికీ సంబంధం ఉండదు. మీరే ఏదో తప్పు మీట నొక్కి ఉంటారు."

తడుముకోకుండా వచ్చిన ఆ జవాబుతో ఆమె అనుమానం ఇంకా పెరిగింది.

ఆ రోజే పాత చీటీల కాపీలన్నీ బయటికి తీసింది. అప్‌డేట్‌కి ముందు మూడు నెలల్లో వరసగా వచ్చిన ఏ రెండు లారీలూ ఒకేలా తూగలేదు. తర్వాత పది రోజుల్లో నాలుగుసార్లు తూగాయి. అందులో ఒకసారి ఎప్పటికన్నా తక్కువ పడింది బాపిరాజుగారి లారీకే.

"నేను ఎవరి మాటో విని చేసేదాన్నయితే, తెలిసి తెలిసి మీ బండికి కూడా తగ్గిస్తానాండి?"

ఆయన ఆ కాపీలు చాలాసేపు చూశారు. కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నారు.

కెజియా కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేసింది. మొదట కొద్ది క్షణాలు కనబడి పోయే తెరను ఈసారి ఆపి చదివింది. ఒకే పేరుతో రెండు వరసలున్నాయి, చివర నంబర్లే వేరు. పైది అప్‌డేట్‌తో వచ్చిన కొత్త కెర్నల్, అంటే లినక్స్‌లో అన్నిటినీ నడిపించే అసలు ప్రోగ్రాం. కిందది పాతది. ఏదీ నొక్కకపోతే కొత్తదే మొదలవుతోంది. ఆమె కిందది నొక్కింది.

రోడ్డు మీద వెళ్తున్న మంచినీళ్ల ట్యాంకర్ని ఆపి, డ్రైవర్ని బతిమాలి పదిసార్లు ఎక్కించి దింపించింది. ఎక్కిన ప్రతిసారీ కొంచెం నీళ్లు వదిలించింది. పదిసార్లూ తూకం సరిగ్గా తగ్గుతూ వచ్చింది. తర్వాత కంప్యూటర్ని పైవరసతో మొదలుపెట్టింది. మూడుసార్లు బాగానే ఉంది. నాలుగోసారి ట్యాంకర్ దిగి రోడ్డెక్కినా తెర మీద అంకె కదల్లేదు.

బాపిరాజుగారు లేచి కిటికీలోంచి ఖాళీ ప్లాట్‌ఫారం చూశారు, మళ్లీ తెర చూశారు.

"బండి లేదు కదమ్మా."

"లేదండి."

మర్నాడు సుకుమార్ వచ్చి విప్పి చూశాడు. కాటా నుంచి కంప్యూటర్‌కి తూకం తెచ్చే కేబుల్ పనిచేయాలంటే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం కావాలి. అది కెర్నల్‌తో పాటే వస్తుంది. కొత్త కెర్నల్లో దాన్ని మార్చారు. ఈ రకం కేబుల్‌తో అది అప్పుడప్పుడూ ఇరుక్కుపోతోంది, అప్పుడు చివరి అంకె తెర మీద అలాగే ఉండిపోతోంది, కాసేపటికి దానంతటదే మళ్లీ కదులుతోంది. అతను పాత కెర్నలే మొదలయ్యేలా పెట్టాడు.

"ముందే మీకు చెప్పి ఉండాల్సిందండి. అర్థం కాదేమో అనుకున్నాను," అన్నాడు.

"కాగితం మీద రాసిపెట్టినా చాలునండి. చదువుకునేదాన్ని," అంది కెజియా.

బాపిరాజుగారు ఎర్రంకెల పెట్టె కొత్తది తెప్పించారు. తాతాజీకి స్వయంగా ఫోన్ చేసి పిలిచారు. తాతాజీ వచ్చి అంతా విని టీ తాగాడు.

"యంత్రం తప్పంటే ఇంక ఎవర్ని అడుగుతాం లెండి," అన్నాడు. ఆ తర్వాత కూడా అతను తన లారీని ముందు రెండో కాటాలో తూయించి గాని ఇటు తెచ్చేవాడు కాదు.

మూడు రోజులకు కుర్చీ ఇంటికి వెళ్లిపోయింది. తాతాజీ మీద కోపం రాలేదా అని ఇంట్లో భర్త అడిగితే కెజియా, "ఆయన నా మొహం మీదే అడిగాడండి. ఎవరైనా కలిశారా అని మెల్లగా అడిగినాయన మాటే నా మనసులోంచి ఇంకా పోవట్లేదు," అంది.