వలసల డిబేటులో నా చెయ్యి

చోడవరంలో నేను హైస్కూలు చదివిన రోజుల్లో మా క్లాసులో ఆడపిల్లలం ఆరుగురం. మాస్టారు వచ్చేదాకా వరండా చివరి గదిలో కూర్చుని, ఆయన వెనకాలే వరసగా క్లాసులోకి వెళ్లేవాళ్లం. గంట కొట్టగానే మళ్లీ ఆయన వెనకాలే బయటికి. అచ్చం కోడి వెనక పిల్లల్లాగ. ఇదేం పద్ధతని అడగాలని ఎవరికీ తోచలేదు, నాకు కూడా.

ఆ ఏడు డిబేటింగ్ సొసైటీ పెట్టిన విషయం, అమెరికా ఇంకా ఇంగ్లీషు దొరల కింద ఉన్నప్పటి వలస రాజ్యాల గొడవ. ఎక్కడో సముద్రం అవతల లండన్‌లో ఉన్న పార్లమెంటుకి, అందులో ఒక్క కుర్చీ కూడా లేని వలస జనం మీద పన్ను వేసే హక్కు ఉందా, లేదా? మా హెడ్మాస్టరుగారికి ప్రాణమైన విషయం. దొరలు ఉన్నన్నాళ్లూ రాజుగారి పటానికి దగ్గరుండి దండ వేయించింది ఆయనే. దొరలు వెళ్లిన మర్నాటి నుంచీ సామ్రాజ్యమంటే చాలు, ఒళ్లు మంట. ఆ పటం తీసిన మేకుకే దేశనాయకుడి పటం తగిలించి, దానికీ దండ వేయిస్తున్నారు.

నాకు ఆ డిబేటులో మాట్లాడాలనుంది. మామూలుగా కాదు, అన్నం సయించనంతగా. ఆ పాఠం నాకు కంఠతా వచ్చు. ధైర్యం చేసి వెళ్లి అడిగాను.

"ఆడపిల్ల స్టేజీ ఎక్కితే ఊళ్లో ఏటనుకుంటారమ్మా?" అన్నారు హెడ్మాస్టరుగారు, ఎంతో దయగా. "రాసి మీ బావకియ్యి. చదువుతాడు."

బావంటే మా మేనత్త కొడుకు, నా క్లాసే. అమెరికా ఎటువైపుందో తెలియదు గానీ, ఏ గానుగ దగ్గర బెల్లం పాకం ఎప్పుడు దిగుతుందో మాత్రం బాగా తెలుసు.

"ఒసే, పెద్ద పెద్ద మాటలు రాయకే. నాకు నోరు తిరగదు" అన్నాడు.

కావాలనే పెద్ద మాటలు రాశాను.

డిబేటు రోజు మేం ఆరుగురం గోడవార బెంచీ మీద కూర్చున్నాం. బావ బాగానే మొదలెట్టాడు. సగంలో చెమటలు పట్టి, "మమ్మల్ని అడక్కుండా..." అని ఆగిపోయాడు. కాగితం తిరగేసి, మళ్లీ "మమ్మల్ని అడక్కుండా..." అన్నాడు. ఇంక ఉండబట్టలేక నేనే లేచి, "మమ్మల్ని అడక్కుండా మా మీద చట్టాలు చెయ్యడానికి మీరెవరు?" అని అందించాను. హాలంతా వినబడింది.

"నిన్నెవరడిగేరమ్మా? కూర్చో" అన్నారు హెడ్మాస్టరుగారు.

కూర్చున్నాను. బావ మిగతాది గబగబా చదివేసి, నాకు రావలసిన చప్పట్లు తను కొట్టించుకున్నాడు.

తరవాత ఓటింగు. అడక్కుండా ఏలడం అన్యాయమనే వాళ్లని చేతులెత్తమన్నారు. మగపిల్లలందరూ ఎత్తారు, సామ్రాజ్యం తరఫున అరగంట వాదించినవాడితో సహా. కాదనేవాళ్లెవరని అడిగారు. నేనొక్కదాన్నే ఎత్తాను. నేను రాసిన ప్రసంగానికే నేను ఎదురు. కడుపుమంట, మరేం కాదు.

హెడ్మాస్టరుగారు కళ్లజోడు సవరించుకుని చూశారు. "ఆడపిల్లలకి సొసైటీలో ఓటు లేదు కదమ్మా. చెయ్యి దించు."

సొసైటీ చందా మాత్రం బడి తెరిచిన వారంలోనే మా ఆరుగురి దగ్గరా వసూలు చేశారు.

దించాను. అడక్కుండా ఎవరినీ ఏలకూడదని సభ ఏకగ్రీవంగా తీర్మానించిందని ఆయన ప్రకటించారు. గంట కొట్టారు. మేం ఆరుగురం లేచి, ఆయన వెనకాలే వరసగా బయటికి నడిచాం.