పెదాలు కదిపితే చాలు

వాయిద్యాలు లేకుండా గొంతులు కలిపి పాడే మా కాలేజీ జట్టుకి ఆమె లీడరు. మిగతా ఏడుగురం ఆమెను అక్కా అనేవాళ్లం. ప్రేమతో కాదు, సీనియర్ కాబట్టి.

పటమటలో వాళ్ల మేడ మీద ప్రాక్టీసు. ఆమె కళ్లు మూసుకుని పాడుతూనే మా గొంతులు వినేది. ఎవరి శ్రుతి తప్పినా, కళ్లు తెరవకుండానే చూపుడు వేలు వాళ్ల వైపు తిప్పేది. ఆ వేలు ఎప్పుడూ గురి తప్పలేదు. తర్వాత ఎంతో తియ్యగా, "నువ్వు పెదాలు కదుపు, చాలమ్మా" అనేది. ఇక ఆ పిల్ల పాటంతా మూగగా నోరు ఆడించాల్సిందే.

పాటల పోటీ ఫైనల్స్ ముందు రోజు ఆ వేలు, మా ఊరి బస్సు దిగి వచ్చిన నా వైపు తిరిగింది. "గొంతు చల్లపల్లి బస్సులోనే వదిలేసి వచ్చావా?" అంది. అందరూ నవ్వారు, ఈసారి తాము కాదు గదా అని.

సాయంత్రం ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, రేపు అందరం పెదాలే కదుపుదాం అన్నాను. ఒక్కరూ కాదనలేదు.

మర్నాడు నిండు హాల్లో ఆమె గొంతు ఒక్కటే వినిపించింది. రెండో చరణంలో అది జారింది. కళ్లు మూసుకునే ఉంది. అలవాటుగా వేలు లేచింది, మా మీదుగా ఒకసారి వెళ్లి, నెమ్మదిగా వెనక్కి మళ్లి ఆమె గుండె దగ్గర ఆగింది. ఆ తర్వాత ఆమె కూడా పెదాలు మాత్రమే కదిపింది.

"మైకు చూడవయ్యా" అన్నారు జడ్జిగారు విసుగ్గా.

మైకతను వచ్చి తట్టి చూశాడు.

"మైకు బానే ఉందండీ."