ఆరో సీటు

శ్యామ్‌సుందర్ అంకుల్ ఏ వస్తువు కొన్నా మొదటి నెల అది ఆయనది కాదు. తిరిగిచ్చే గడువు ముగిసేదాకా రసీదు చొక్కా జేబులోనే ఉంటుంది. మిక్సీ వాడి, తుడిచి, మళ్ళీ అట్టపెట్టెలో పెట్టేస్తాడు. సోఫా ప్లాస్టిక్ కవరు మూడేళ్ళు ఊడదీయలేదు. టెక్సస్‌లోని కాపెల్‌లో వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య కంచె ఒక్కటే అడ్డం, అందుకే ఇవన్నీ నాకు తెలుసు. చెడ్డవాడు కాదు. ఇంతకన్నా మంచిది ఇంకెక్కడో ఉందన్న అనుమానమే ఆయన జబ్బు. నేను కాలేజీ మానేసినప్పుడు అందరూ తిట్టారు. ఆయన మాత్రం ఫీజు వాపసు ఇస్తారా అని అడిగాడు.

2012 మార్చిలో ఆయన తల్లి కోటమ్మగారు బాపట్ల నుంచి ఆరు నెలలు ఉండటానికి వచ్చింది. ఇంట్లో అంకుల్, వసుమతి ఆంటీ, పెద్దమ్మాయి జాహ్నవి, ఐదేళ్ళ కవలలు. కారులో సీట్లు ఐదు. గుడికి బయల్దేరే వేళకు కోటమ్మగారికి మోకాళ్ళ నొప్పి వచ్చేది. కారు వీధి మలుపు తిరగగానే తగ్గిపోయేది. చకచకా నడిచి మా ఇంటికొచ్చి అమ్మతో కబుర్లు చెప్పేది. ఈ నొప్పి సంగతి అంకుల్‌కి తప్ప అందరికీ తెలుసు.

వెతికి వెతికి ఆగస్టులో ఆయన ఏడు సీట్ల తెల్ల ఎస్‌యూవీ కొన్నాడు. మూడేళ్ళు వాడిన బండి, ఆయనకు అందిన ధర. కవలలు వెనక వరుసలోకి పాకేశారు. కోటమ్మగారు మధ్య వరుసలో కిటికీ పక్కన కూర్చుంది. మూడు రోజుల్లో రెండుసార్లు గుడికి, ఒకసారి ఇండియన్ స్టోరుకి వెళ్ళొచ్చింది. మోకాళ్ళ ఊసే లేదు.

అయితే ఐదు రోజుల్లో నచ్చకపోతే, మచ్చ పడకుండా తెస్తే, తిరిగి తీసుకుంటానని డీలరు చెప్పాడు. ఆ మాట ఇంకెవరికైనా చెప్పినా ఫరవాలేదు, అంకుల్‌కి చెప్పకూడదు. నాలుగో రోజు ఆఫీసులో కూర్చుని ఆస్టిన్‌లో ఇలాంటి బండే, తక్కువ మైళ్ళు తిరిగింది, కనిపెట్టాడు. దీన్ని రేపు ఇచ్చేస్తానన్నాడు. ఆంటీ మా వంటింట్లో కూర్చుని మొత్తుకుంది. ఈయన మళ్ళీ మొదలుపెడితే క్రిస్మస్ దాకా వెతుకుతాడట, అత్తయ్య టికెట్ చూస్తే ఆరు వారాల్లో ఉందట.

ఐదో రోజు మధ్యాహ్నం అంకుల్ నన్ను పిలిచాడు. నేను కార్లకు పాలిష్ పెట్టే షాపులో పనిచేస్తాను. వెళ్ళి చూస్తే బానెట్ మీద అరచేతంత పసుపు, దాని మీద మూడు కుంకుమ బొట్లు. పొద్దున తడిపి పెట్టినవి టెక్సస్ ఎండకు ఎండి అంటుకుపోయాయి. ఆయన నీళ్ళు పోసి రుద్దేసరికి మరక ఇంకా పరుచుకుంది.

కోటమ్మగారు పక్కనే నిలబడి ఉంది.

"అమ్మా, తెలిసే చేశావు కదూ?"

"తెలియకుండా బొట్టు ఎవరు పెడతార్రా?"

నేను గోటితో గీకి చూశాను. మరక పైపొరలోనే ఉంది.

"పోతుందా?" అన్నాడు అంకుల్.

"పోతుంది. అరగంట పని. నేను చెయ్యను."

"ఎందుకని?"

"మీరు బండి ఇచ్చేస్తే రేపట్నుంచి మామ్మగారికి మళ్ళీ మోకాళ్ళ నొప్పి."

ఆయన తల్లి కాళ్ళ వైపు చూశాడు. ఆవిడ కుచ్చిళ్ళు సర్దుకుంది.

"నొప్పి లేదా అమ్మా నీకు?"

"సీటు లేదురా," అంది కోటమ్మగారు.

అంకుల్ లోపలికి వెళ్ళాడు. డీలరు కాగితాలు తెస్తాడనుకున్నాను. రెండు నిమ్మకాయలు పట్టుకొచ్చి ముందు చక్రాల కింద పెట్టాడు. నాలుగు చక్రాలకూ పెట్టాలంది ఆవిడ. వాళ్ళ ఫ్రిజ్‌లో ఉన్నవి ఆ రెండే. కంచె దాటి మా ఇంట్లోంచి ఇంకో రెండు తెచ్చాను.

ఆ సాయంత్రం ఆరుగురూ చెరువు దగ్గరికి వెళ్ళారు. మరక తీయమని ఆయన మళ్ళీ అడగలేదు. రసీదు మాత్రం ఇంకో నెల జేబులోనే పెట్టుకు తిరిగాడు.